కాగితం చేతిలోనే ఉండనివ్వండి: చదివే నాటకంతో తెలుగు చదవడం నేర్పడం

నేను క్లాసు తీసుకున్న రెండో ఏడాది, వార్షికోత్సవానికి ఫస్ట్, సెకండ్ గ్రేడ్ పిల్లలతో ఒక చిన్న నాటకం వేయించాను. రెండు నెలలు రిహార్సళ్ళు. డైలాగులు తెలుగులో టైపు చేసి ఇంటికి పంపితే, కొందరు తల్లిదండ్రులు "మావాడికి గుణింతాలు ఇంకా పూర్తిగా రాలేదండీ" అంటూ ప్రతి లైను కిందా ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చారు. టైము తక్కువ ఉందని నేనూ ఊరుకున్నాను. నాటకం బాగా జరిగింది. చప్పట్లు, ఫోటోలు, ఇండియాలో ఉన్న అమ్మమ్మలకీ తాతయ్యలకీ వీడియోలు.

తరవాతి ఆదివారం, అందరికంటే పెద్ద వేషం వేసిన పాపకి తన డైలాగే ఒకటి బోర్డు మీద రాసి చదవమన్నాను. కాసేపు చూసింది. మొదటి రెండు అక్షరాలు కూడబలుక్కుని ఆగిపోయింది. చివరికి నేనే చదివి వినిపించాను. "టీచర్, అది నా డైలాగేనా?" అని అడిగింది.

పాప తప్పేమీ లేదు. ఆ రెండు నెలలూ నేను నేర్పింది అప్పజెప్పడం. చదవడం నేర్పలేదు. వారానికి గంటన్నర మాత్రమే దొరికే బడిలో రెండు నెలలంటే చిన్న విషయం కాదు. ఆ తరవాత కూడా క్లాసులో నాటకం మానలేదు గానీ పద్ధతి మార్చాను. ఆ పద్ధతి ఏమిటో, క్లాసులో ఏం చెయ్యాలో, ఇంట్లో ఏం చెయ్యాలో ఈ అధ్యాయంలో చెబుతాను. ఒక్క మాటలో చెప్పాలంటే: డైలాగులు బట్టీ పట్టించొద్దు, కాగితం చేతిలోంచి తీసెయ్యొద్దు.

చదివే నాటకం అంటే ఏమిటి?

పాత్రల మాటల్ని కాగితంలో చూస్తూ, గొంతుతో నటిస్తూ చదవడమే చదివే నాటకం. వేషాలు కట్టడం, తెరలు, స్టేజీ మీద అటూ ఇటూ నడవడం ఏవీ ఉండవు. మన పిల్లలు వెళ్ళే ఇక్కడి స్కూళ్ళలో దీన్ని రీడర్స్ థియేటర్ అంటారు. చాలామంది పిల్లలకు ఈ ఆట ఇంగ్లీషులో ముందే తెలిసి ఉంటుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పాలంటే "రేడియో నాటకం లాంటిది" అనండి, వెంటనే అర్థమవుతుంది. ఆకాశవాణి నాటకాల్లో నటులు మైకు ముందు కాగితాలు పట్టుకునే చదివేవారు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి నడిపిన బాలానందంలో పిల్లల గొంతులు విని పెరిగిన తరం మన ఇళ్ళలో ఇంకా ఉంది. రేడియోలో వినేవాళ్ళకి కనపడేదేమీ ఉండదు కాబట్టి కోపం, భయం, వెటకారం అన్నీ గొంతులోనే పలకాలి. అలా పలకాలంటే చదువుతున్నది అర్థం కావాలి. మనకు కావలసింది అదే.

మన పిల్లలకు ఇది ఎందుకు పనికొస్తుంది?

చదివి అర్థం చేసుకోవడాన్ని 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు ఒక గుణకారంలా చూపించారు. అక్షరాలను మాటగా మార్చుకోగలగడం ఒకటి, ఆ మాట వింటే అర్థం కావడం రెండోది. రెండింటినీ కూడితే కాదు, గుణిస్తే వచ్చేదే చదువు. అంటే ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే.

మీ క్లాసును ఈ కళ్ళతో ఒకసారి చూడండి. నాయనమ్మ ఇంట్లోనే ఉన్న పిల్లాడు గలగలా మాట్లాడతాడు, పుస్తకం తెరిస్తే మూగబోతాడు. ఇంట్లో ఇంగ్లీషే ఎక్కువ నడిచే పాప గుణింతం మొత్తం గడగడా చదువుతుంది, "ఆకలి" అంటే ఏమిటో చెప్పలేదు. ఒకరికి చెవి ఉంది, కన్ను లేదు. ఇంకొకరికి కన్ను ఉంది, చెవి లేదు. ఇద్దర్నీ ఒకే నాటకంలో కూర్చోబెడితే, ఒకరికి లేనిది రెండోవాళ్ళ దగ్గర దొరుకుతుంది. పాప లైను చదువుతుంది, పిల్లాడు దాన్ని ఎలా అనాలో గొంతు మార్చి చూపిస్తాడు.

రెండో లాభం, మళ్ళీ మళ్ళీ చదవడం. చిన్న భాగాన్ని ధారాళంగా వచ్చేదాకా పదేపదే చదివించే పద్ధతిని 1979లో జే శామ్యూల్స్ అనే అమెరికన్ పరిశోధకుడు వివరించారు. పెద్దవాళ్ళు పక్కన ఉండి సాయం చేస్తూ ఇలా బయటికి చదివించడం పిల్లలకు మేలు చేస్తుందని 2000లో ఇక్కడి నేషనల్ రీడింగ్ ప్యానెల్ నివేదిక కూడా చెప్పింది. అయితే మామూలు పాఠాన్ని నాలుగోసారి చదవమంటే ఏ పిల్లాడైనా "అయిపోయింది కదా టీచర్!" అంటాడు. అదే నాటకమైతే, "ఈసారి చీమకి ఇంకా కోపం రావాలి" అంటే చాలు, ఎనిమిదోసారి కూడా చదువుతాడు. మళ్ళీ చదవడానికి ఒక కారణం దొరుకుతుంది.

ఏ కథ తీసుకోవాలి?

మొదటిసారికి ఏడు చేపల కథ తీసుకోమని నా సలహా. తల్లిదండ్రులందరికీ తెలిసిన కథ. చేప ఎందుకు ఎండలేదో కనుక్కోవడానికి గడ్డి దగ్గరికి, అక్కణ్ణించి ఆవు, కాపరి, అవ్వ, పిల్లాడు, చివరికి చీమ దాకా వెళ్ళే గొలుసు కథ. ఒకే ప్రశ్న, ఒకేలాంటి జవాబు మళ్ళీ మళ్ళీ వస్తాయి. అక్షరాలు కొత్తగా నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు.

కథ మీ ఇంట్లో చెప్పుకునే మాటల్లోనే ఉండక్కర్లేదు. క్లాసు స్థాయికి తగ్గట్టు కొత్తగా రాసుకోండి. నేను రాసుకున్నదాంట్లో కొంత:

కథకుడు: ఆరు చేపలు ఎండాయి. ఒక చేప ఎండలేదు.
రాజకుమారుడు: చేపా, నువ్వు ఇంకా తడిగా ఉన్నావేం?
చేప: గడ్డి నీడ పడింది. నాకు ఎండ తగలలేదు.
అందరూ: పదండి, గడ్డిని అడుగుదాం!
రాజకుమారుడు: గడ్డీ, నువ్వు ఇంకా అక్కడే ఉన్నావేం?
గడ్డి: ఆవు రాలేదు. నన్ను తినలేదు.
అందరూ: పదండి, ఆవును అడుగుదాం!
రాజకుమారుడు: ఆవూ, నువ్వు ఇంకా కొట్టంలోనే ఉన్నావేం?
ఆవు: కాపరి రాలేదు. నన్ను విప్పలేదు.
అందరూ: పదండి, కాపరిని అడుగుదాం!

ఈ పది లైన్లలో ఎన్ని పాఠాలున్నాయో చూడండి.

దీర్ఘాలు. చేపను పిలిస్తే చేపా, గడ్డిని పిలిస్తే గడ్డీ, ఆవును పిలిస్తే ఆవూ. పిలిచేటప్పుడు చివరి అచ్చు సాగుతుంది. తలకట్టు దీర్ఘమవుతుంది, గుడి గుడిదీర్ఘమవుతుంది, కొమ్ము కొమ్ముదీర్ఘమవుతుంది. గుణింతాల చార్టులో ఎన్నిసార్లు చూపించినా ఎక్కని తేడా, దూరంగా ఉన్న ఆవును కేకేసి పిలిస్తే ఎక్కుతుంది.

ఒత్తులు. గడ్డి, అవ్వ, అన్నం, పిల్లాడు, విప్పలేదు, పెట్టలేదు, కుట్టింది. కథ నిండా ద్విత్వాక్షరాలే. డ, ప ఒత్తులు తలకట్టు లేని అక్షరంలాగే ఉంటాయి కాబట్టి పిల్లలు త్వరగా పోల్చుకుంటారు. న, ల ఒత్తులు అసలు అక్షరాన్ని పోలవు. అందుకని గడ్డి, విప్పలేదు ముందు చూపించి, అన్నం, పిల్లాడు తరవాత చూపించండి.

"లేదు". ఇంట్లో అన్నింటికీ "నో" అని సరిపెట్టుకునే పిల్లలకి ఇది చాలా అవసరం. నేను రాలేదు, ఆవు రాలేదు, వాళ్ళు రాలేదు. ఎవరైనా సరే "లేదు" మారదు. రాలేదు, తినలేదు, విప్పలేదు, పెట్టలేదు అని నాటకమంతా విన్నాక, ఎవరూ నేర్పకుండానే "హోంవర్క్ చెయ్యలేదు" అనడం కూడా వచ్చేస్తుంది!

ని, ను. గడ్డిని, కాపరిని, ఆవును, అవ్వను, చీమను. సూత్రం చెప్పకండి. "అందరూ" లైను ఆరుసార్లు చదివేసరికి చెవికి అలవాటవుతుంది.

స్క్రిప్టు తయారుచేసేటప్పుడు

వాక్యం మూడు నాలుగు మాటలకు మించనివ్వకండి. మాట్లాడే తెలుగులోనే రాయండి. 1892లో మొదటిసారి ప్రదర్శించిన కన్యాశుల్కంలో పాత్రలు ఇళ్ళలో మాట్లాడినట్టే మాట్లాడతాయి. మన చేప మాత్రం గ్రంథంలోలా ఎందుకు మాట్లాడాలి?

అక్షరాలు పెద్దవిగా, 20 పాయింట్ల సైజులో అచ్చువెయ్యండి. చిన్న సైజులో ఒత్తులు, సున్నాలు పిల్లలకు కనపడవు. లైనుకీ లైనుకీ మధ్య ఖాళీ ఎక్కువ ఉండాలి. మాటను విరిచి కింది లైనుకి పంపకండి.

యాస గురించి చాలామంది అడుగుతారు. కాగితంలో "ఎండలేదు" అని ఉంటే ఒక ఇంట్లో "ఎండలే" అంటారు. రెండూ తెలుగే. ముందు కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివించండి. అది వచ్చాక, నాటకంలో ఇంట్లో అన్నట్టు అననివ్వండి. కాగితంలో ఏముందో, తాను ఏమంటున్నాడో తేడా తెలిసి అంటే అది తప్పు కాదు. "మీ ఇంట్లో మాట తప్పు" అని మాత్రం ఎప్పుడూ అనకండి.

పాత్రలు పంచడం

బాగా చదివేవాళ్ళకి కథకుడి భాగం ఇవ్వండి, అందులో వాక్యాలు కొంచెం పెద్దవి. రాజకుమారుడి ప్రశ్న ప్రతిసారీ ఒకేలా ఉండి రెండు మూడు మాటలు మాత్రమే మారతాయి కాబట్టి మధ్యస్థంగా చదివేవాళ్ళకి సరిపోతుంది. రాజుగారికి ఏడుగురు కొడుకులు కాబట్టి ఆ పాత్రను ఎంతమందికైనా పంచొచ్చు. ఇప్పుడిప్పుడే అక్షరాలు కలుపుతున్నవాళ్ళకి ఆవు, గడ్డి ఇవ్వండి. రెండే చిన్న వాక్యాలు, కానీ పాత్ర మాత్రం ముఖ్యమైనదే.

నోరు విప్పని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళని "అందరూ" లైనులో కలపండి. పదిమందితో కలిసి చదివితే తన గొంతు విడిగా వినపడదన్న ధైర్యం ఉంటుంది. రెండు మూడు వారాలయ్యాక తనే "నేను చీమ అవుతా" అని అడిగే దాకా ఆగండి.

ఎప్పుడూ ఒకే పిల్లకి కథకుడి పాత్ర, ఒకే పిల్లాడికి గడ్డి పాత్ర ఇవ్వకండి. ఎవరు ఏమనుకుంటున్నారో పిల్లలకి బాగా తెలుస్తుంది.

ఐదు ఆదివారాల ప్రణాళిక

ప్రతి క్లాసులో పాతిక నిమిషాలు చాలు.

మొదటి ఆదివారం: టీచరు కథంతా గొంతులు మార్చి చదువుతారు. పిల్లలు కాగితం మీద వేలు పెట్టి వెంట వస్తారు. తెలియని మాటలకు బొమ్మలు చూపించండి. కొట్టం, కాపరి, పుట్ట మన పిల్లలు చూసినవి కావు. బట్టలు డ్రయ్యర్లో ఆరే ఇళ్ళలో పెరిగేవాళ్ళకి "ఎండబెట్టడం" కూడా కొత్తే.

రెండో ఆదివారం: టీచరు ఒక లైను చదివితే పిల్లలందరూ అదే లైను తిరిగి చదువుతారు. వేలు కాగితం మీదే ఉండాలి. తల పైకెత్తి టీచరు నోరు చూసి చెబుతున్నవాళ్ళు ఈ రోజే బయటపడతారు. వాళ్ళని కసరొద్దు, పక్కన కూర్చుని వేలు నడిపించండి.

మూడో ఆదివారం: పాత్రలు పంచండి. ఎవరి లైన్లు వాళ్ళు హైలైటర్‌తో గీసుకుంటారు. తమ పాత్ర పేరు వెతుక్కోవడమే ఒక చదువు. ఇద్దరిద్దరుగా కూర్చుని చదువుకోనివ్వండి.

నాలుగో ఆదివారం: పాత్రలు మార్చెయ్యండి. నిన్నటి చేప ఇవాళ ఆవు. పిల్లలు గొణుగుతారు, ఫరవాలేదు. ఐదు వారాల్లో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే, ఎందుకంటే బట్టీ పట్టినది ఇవాళ అక్కరకు రాదు.

ఐదో ఆదివారం: తల్లిదండ్రుల ముందు చదవడం. అర్ధచంద్రాకారంగా కుర్చీలు వేసుకుని, కాగితాలు పట్టుకునే చదువుతారు. ఎవరి చేతిలో అయినా కాగితం లేకపోతే, తెచ్చి ఇచ్చాకే మొదలుపెట్టండి.

ఎవరైనా మధ్యలో ఆగిపోతే మనసులో ఐదు దాకా లెక్కపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే మాట మొత్తం అందించకండి, అడ్డొచ్చిన ఒక్క అక్షరం చెప్పండి. తరవాత ఆ లైను మొదటినుంచి చదవమనండి. పక్క పిల్లలు అందించకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి.

తల్లిదండ్రులకు ఇంట్లో పని

రోజుకి పది నిమిషాలు చాలు. మీరు ఒక పాత్ర, పిల్ల ఒక పాత్ర. చెల్లి ఉంటే చెల్లికి "అందరూ" లైను.

దయచేసి లైను కింద ఇంగ్లీషు అక్షరాల్లో రాయకండి. ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. పది, పడి, పాడి. ఈ మూడు మాటలనీ ఇంగ్లీషులో రాస్తే మామూలుగా అవే నాలుగు అక్షరాలు వస్తాయి. ద, డ తేడా పోయింది, దీర్ఘం పోయింది. పైగా రెండు లిపులు ఒకదాని కింద ఒకటి ఉంటే, కన్ను తనకు సులువైన దాని మీదికే పోతుంది. తెలుగు లైను అక్కడ బొమ్మలా మిగిలిపోతుంది. పూర్తి లైను చదవడం కష్టంగా ఉంటే టీచరుకు చెప్పండి, చిన్న లైను ఇస్తాం. అది చిన్నతనం కాదు.

మీకే తెలుగు చదవడం రాకపోతే? ఇంగ్లీషు మీడియంలో చదువుకున్నవాళ్ళు, తల్లిదండ్రుల్లో ఒకరిది వేరే భాష అయినవాళ్ళు మన బడిలో చాలామందే ఉన్నారు. మీరు వినేవాళ్ళుగా కూర్చోండి. "ఇప్పుడు ఏమైంది? ఆవు ఎందుకు రాలేదు?" అని అడగండి. మీకు రానిది తనకి వచ్చిందన్న గర్వం పిల్లల్ని చదివిస్తుంది.

ఇంటి పెద్దలు ఒక పని మీకంటే బాగా చెయ్యగలరు. మిద్దె మీద వడియాలు ఎండబెట్టి కాకులు రాకుండా కాపలా కాసిన సంగతి, చీమ కుట్టి ఏడ్చిన సంగతి చెప్పమనండి. కథలో మాటలకి ప్రాణం అక్కణ్ణించి వస్తుంది.

నిజంగా చదువుతున్నారా?

నేను రెండో ఏడాది చెయ్యకుండా వదిలేసిన పని ఇదే. మూడు చిన్న పరీక్షలు ఉన్నాయి. పిల్లలకి ఆటల్లాగే ఉంటాయి.

ఒకటి, లైన్లను చీటీలుగా కత్తిరించి, పేర్లు తీసేసి కలిపెయ్యండి. ఒక చీటీ తీసి చదివి, అది ఎవరి మాటో చెప్పాలి.

రెండు, వరస తప్పించండి. నాటకం మధ్యలో ఏదో ఒక లైను చూపించి అక్కణ్ణించి చదవమనండి. బట్టీ పట్టినవాళ్ళు మొదటినుంచీ మొదలుపెడితే గానీ చెప్పలేరు.

మూడు, అవే మాటలతో కొత్త వాక్యం రాయండి. "అవ్వ ఆవును విప్పింది." "చీమ గడ్డిని తినలేదు." నాటకంలో లేని ఈ వాక్యాన్ని చదివి నవ్వారంటే, అక్షరాలూ వచ్చాయి, అర్థమూ వచ్చింది. ఈ మూడోది కుదిరితే మిగతావి అడగక్కర్లేదు.

కుదరకపోతే కంగారుపడకండి. అదే నాటకాన్ని ఇంకో రెండు వారాలు పాత్రలు మార్చి నడపండి. కొత్త నాటకం మొదలుపెట్టాలన్న తొందర మనకే గానీ పిల్లలకి ఉండదు.

పోయిన ఏడాది చదివే రోజున చీమ పాత్ర చేసిన పిల్లాడు, ముందురోజు రాత్రి వీడియో కాల్‌లో అమ్మమ్మకి నాటకం వినిపించాడట. చీమ వంతు వచ్చేసరికి అమ్మమ్మ ఆగలేక, తను చిన్నప్పుడు విన్న మాటల్లో ఆ లైను తనే చెప్పేసింది. వాడు కాగితం వైపు ఒకసారి చూసుకుని, "కాదు అమ్మమ్మా, ఇక్కడ అలా రాసి లేదు" అన్నాడు. కాగితం కెమెరాకి ఆనించి చూపించాడు కూడా.

"అయితే ఏం రాసుందో నువ్వే చదువు" అందట ఆవిడ.

వేలు పెట్టి చదివాడు.